వదులుగా ఉండాల్సిన మూడో మడత

కిందటి వారం మీరు నన్ను స్కూలు మెట్ల మీద వదిలేసి వెళ్ళారు. ఒళ్ళో పార్శిలు, చేతిలో యూనివర్సిటీ ఉత్తరం. తొమ్మిది వందల పైచిలుకు దరఖాస్తుల్లోంచి ఇరవై మందిని ముఖాముఖికి పిలిచారు, అందులో నేనొకదాన్ని. సీట్లు ఎనిమిది. పాత పుస్తకాలూ దస్త్రాలూ బాగుచేయడం నేర్పే ఆ కోర్సు దేశం మొత్తం మీద ఇంకెక్కడా లేదు. గైడెన్సు మేడమ్ అప్పటికే నా ఫొటో నోటీసు బోర్డుకి గుచ్చేసి, "మొన్నటిదాకా నూటికి ఒక్క ఛాన్సు లేదు, ఇప్పుడు ఐదింట రెండు!" అని స్టాఫ్ రూమంతా వినబడేలా లెక్క చెప్పేసింది. అందరూ చప్పట్లు కొడుతూంటే నేను ఉత్తరంలో రెండో పేరా చదువుకుని, కడుపులో నొప్పని చెప్పి బయటికొచ్చేశాను.

ఆ రెండో పేరా ఇదీ:

"మీ పనిపుస్తకం మేం ముగ్గురం చదివాం. తప్పు చేసి, దాన్ని దాచకుండా కారణంతో సహా రాసి పంపినవారు ఈ ఏడాది మీరొక్కరే. మిమ్మల్ని పిలవడానికి ముఖ్య కారణం కూడా అదే. అయితే, మూడో మడత వదులుగా ఉందని మీరు రాశారు. ఎంత వెతికినా మాకు ఆ వదులు కనబడలేదు. మీరు కుట్టిన పుస్తకం తిరిగి పంపుతున్నాం. సోమవారం వచ్చేటప్పుడు వెంట తెచ్చి, అది ఎక్కడుందో చూపించగలరు."

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. దరఖాస్తుతో పాటు సొంత చేతులతో కుట్టిన పుస్తకం ఒకటి పంపాలి. నాలుగు కాగితాలు కలిపి మధ్యకి మడిస్తే ఒక మడత. అలాంటివి పన్నెండు. వాటన్నిటినీ ఒకే దారంతో వరసగా కుట్టుకుంటూ పోవాలి. కుట్టు కనబడాలి కాబట్టి పుస్తకం వీపుకి అట్ట అంటించకూడదు. ఏరోజు ఏం చేశామో పనిపుస్తకంలో రాయాలి. ఆ కోర్సుకి ఇదే ప్రాణం. వందేళ్ళ నాటి పుస్తకం మీద చెయ్యి వేసే మనిషి, తను చేసిన ప్రతి పనీ రాసిపెట్టాలి. రాయకుండా ఒక్క కుట్టు వేసినా వాళ్ళ దృష్టిలో అది నేరం.

నేను రాశాను. ముప్ఫై ఒకటో పేజీలో, అబ్బో, చాలా గొప్పగా రాశాను. "మూడో మడత వదులుగా వచ్చింది. దారానికి మైనం సరిగ్గా పట్టించలేదు. విప్పి మళ్ళీ కుట్టవచ్చు. కుట్టడం లేదు. ఇది నా తప్పు, ఉండనీ."

మెట్ల మీద కూర్చుని పుస్తకం తీసి చూశాను. వీపు మీద పైనా కిందా గొలుసులాంటి కుట్టు ఉంటుంది. నేను కుడితే ఆ గొలుసు కుడివైపుకి వాలుతుంది. ఇది ఎడమకి వాలింది. చుట్టుపక్కల ఎడమచేత్తో కుట్టే బైండరు ఒక్కడే ఉన్నాడు. ఆయన్ని ఊరంతా పుర్రచెయ్యి అంటారు. నేను నాన్న అంటాను.

ఇక మీకు ఇన్ని వారాలుగా చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. తిట్టుకోకండి. పోనీ తిట్టుకోండి, ఫర్వాలేదు. పార్శిలు పంపే రోజు సాయంత్రం స్కూలు నుంచి షాపుకొచ్చాను. "ఇది పూర్తిగా నా సొంత పని" అనే కాగితం మీద నేను సంతకం చేయాలి. కింద గైడెన్సు మేడమ్ సంతకం అప్పటికే ఉంది. నా మీద నమ్మకంతో పుస్తకం చూడకుండానే పెట్టేసింది పాపం. పెన్ను తీస్తూ, అలవాటు కొద్దీ బొటనవేలు మూడో మడత మీదికి పోనిచ్చాను. కదల్లేదు. పన్నెండు మడతలూ ఇటుకలు పేర్చినట్టున్నాయి. 'రాత్రంతా ప్రెస్సు బరువు కింద ఉంది కదా, సర్దుకుని ఉంటుంది' అనుకున్నాను. బైండరు కూతుర్ని నేను. వదులు కుట్టు ప్రెస్సు కింద బిగుసుకోదని ఆరేళ్ళప్పుడే తెలుసు నాకు. అయినా అలాగే అనుకున్నాను, ఎందుకంటే పుస్తకం అంత బాగుంది మరి. సంతకం చేసి, టేపు అంటించి, పోస్టాఫీసుకి పరిగెత్తాను.

తప్పు నాదని తెలిసినప్పుడు నాకు ఎదుటివాళ్ళ మీద వచ్చే కోపం మామూలుగా ఉండదు. ఆ కోపంతోనే శుక్రవారం మధ్యాహ్నం మెట్ల మీంచి లేచి, తిన్నగా షాపుకి నడిచాను.

మా షాపు జిరాక్సు షాపుకీ తాళాలు చేసేవాడి కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఇద్దరు కస్టమర్లు ఒకేసారి వస్తే ఒకరు రోడ్డు మీదే నిలబడాలి. గుమ్మంలో పీట వేసుకుని మా మేనత్త ఆసుపత్రి రిజిస్టర్ల కాగితాలు మడతపెడుతోంది. నాన్న కంటే నాలుగేళ్ళు పెద్దది. చేతులెంత జోరుగా నడుస్తాయో నోరూ అంతే.

"రావే ప్రొఫెసరమ్మా! నోటీసు బోర్డెక్కావటగా? ఇకమీదట నీతో మాట్లాడాలంటే అర్జీ పెట్టుకోవాలేమో!"

"నాన్న ఏడత్తా?"

"సలహాదారుగారా? లోపలున్నారు. జిగురుకి సలహాలిస్తున్నారు."

మా అత్త నెలకో పేరు పెడుతుంది నాన్నకి. ఆ మాట నా చెవిలో పడింది కానీ, అప్పుడు నా బుర్రంతా మూడో మడతలో ఉంది.

నాన్న స్టవ్వు దగ్గర నిలబడి పిండి జిగురు కలుపుతున్నాడు. నేను పుస్తకం తీసి బల్ల మీద పడేశాను.

"ఇదెవరు కుట్టారు?"

నాన్న స్టవ్వు కట్టేశాడు. పుస్తకం వైపు చూసి, నా మొహం వైపు చూసి, "తిరిగి పంపేశారా? సీటు రాలేదా తల్లీ?" అన్నాడు.

"ముందు నేనడిగింది చెప్పు."

"నేనే."

ఇలా ఒక్క మాటలో ఒప్పేసుకుంటాడని నేననుకోలేదు. దారి పొడుగునా తయారుచేసుకున్న కోపం ఎటు విసరాలో తెలియలేదు.

"ఒక్క మడతే అనుకున్నానే" అన్నాడు నాన్న, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. "పొద్దున్న నువ్వు పార్శిలు సర్ది బల్ల మీద పెట్టి వెళ్ళావు. అన్నం తినొచ్చి ఒకసారి చూద్దామని తీశా. మూడోది ఊగుతోంది, ఊడిపోయే పన్నులాగా. అది అలా మన షాపులోంచి బయటికెళ్తుందంటే చెయ్యి ఊరుకోలేదు. దాన్ని బిగించాలంటే పన్నెండోదాని నుంచీ విప్పుకుంటూ రావాలి కదా? విప్పాక చూస్తే నీ సూది కన్నాలు కాస్త వంకరగా ఉన్నాయి. సరేలే అని కొత్తవి పొడిచా. ఇక అవి పొడిచాక..."

"మొత్తం నువ్వే కుట్టేశావు."

"గంట కూడా పట్టలేదు" అన్నాడు, తప్పు దాంతో తగ్గిపోతుందన్నట్టు.

నాకు పదకొండు రోజులు పట్టింది ఆ పుస్తకం. ఒళ్ళు మండిపోయింది. ఉత్తరం తీసి రెండో పేరా గట్టిగా చదివాను, గుమ్మంలో అత్తకి కూడా వినబడేలా. చదువుతూంటే నాన్న మొహంలో రంగు పోయింది. బల్ల అంచు పట్టుకున్నాడు.

"తప్పు చూసి పిలిచారా?" అన్నాడు చివరికి. "తప్పు కనబడితే పుస్తకం మొహాన కొట్టి పోయేవాళ్ళనే చూశాను కానీ, దానికి ముచ్చటపడేవాళ్ళు కూడా ఉంటారా?"

"ఉన్నారు! నాకున్నది ఆ ఒక్క తప్పే నాన్నా! మిగతా పంతొమ్మిది మందికీ మార్కులున్నాయి, పెద్ద పెద్ద స్కూళ్ళున్నాయి. నాకు వదులు మడత ఉంది. దాన్ని కూడా ఉండనివ్వలేదు నువ్వు! సోమవారం వాళ్ళ ముందు కూర్చుని ఏం చూపించను? ఒక్క అబద్ధం లేకుండా రాసి పంపాను, నన్ను పట్టుకుని అబద్ధాలకోరుని చేశావు!"

సంతకం చేసేనాటికే నాకు తెలుసన్న సంగతి మింగేసి, అంత గొంతు పెట్టి అరిచాను చూడండి. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గుమ్మంలో కాగితాల చప్పుడు ఆగింది.

"ఒక్క అబద్ధం లేకుండానా?" అంది అత్త.

"అక్కా, నువ్వూరుకో."

"ఎందుకూరుకోవాలిరా? మూడు వారాల్నుంచీ ఊరుకునే ఉన్నాగా." అత్త పీట మీంచి లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆ పార్శిల్లో దరఖాస్తు కాపీ కూడా పెట్టావు కదే? 'తండ్రి వృత్తి: ముద్రణారంగ సలహాదారు.' ఏ రంగమే తల్లీ అది? మీ నాన్న ఎవరికిచ్చాడే సలహాలు? ఈ జిగురు గిన్నెకా?"

సలహాదారుగారు. మూడు వారాలుగా ఇంట్లో, షాపులో, అన్నం తినేటప్పుడు. "సలహాదారుగారికి మంచినీళ్ళివ్వండి." "సలహాదారుగారి చొక్కా ఉతకాలి." నేను ఒకసారి నవ్వాను కూడా. నాకు తల తీసేసినట్టయింది. నాన్న వైపు చూడ్డానికి మొహం చెల్లలేదు. చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గోడకి తగిలించిన దారపు ఉండల్ని లెక్కపెడుతూ నిలబడ్డాను.

"పోనీలేవే అక్కా" అన్నాడు నాన్న, నెమ్మదిగా. "బైండరు కూతురంటే అంతా నేనే చేసిచ్చాననుకుంటారని అలా రాసుంటుంది. తెలివైన పనే." ఆగి, చిన్నగా నవ్వాడు. "చివరికి అదే చేసి కూర్చున్నా నేను."

ఎంత చక్కని సాకు! నేను అడక్కుండానే ఆయనే వెతికి, నా చేతిలో పెట్టాడు. అవునని తలూపితే సరిపోయేది. కానీ అది నిజం కాదు. నిజం ఏమిటంటే, రెండేళ్ళ కిందట మా స్కూలు రిజిస్టర్లు బైండు చేయడానికి నాన్న వచ్చి, వరండాలో గోనెపట్టా పరుచుకుని నాలుగు రోజులు పని చేశాడు. చొక్కా నిండా జిగురు. నా క్లాసు పిల్ల ఒకతి, "ఆయన మీ నాన్నా?" అంది. "మా వీధిలో ఉంటారు" అన్నాను. నాలుగు రోజులూ వెనక మెట్ల నుంచి తిరిగాను. నాన్న అది గమనించి, మూడోరోజు నుంచి గోనెపట్టా గోడ పక్కకి, మా క్లాసుకి కనబడని చోటుకి జరుపుకున్నాడు. దరఖాస్తులో ఆ గడి నింపేటప్పుడు నా పెన్ను ఆగింది ఆ వరండాలోనే.

"నువ్వెప్పుడు చదివావు నాన్నా అది?"

"పుస్తకం తీసినప్పుడే. దాని కిందే ఉంది కాగితం."

"చదివాక కుట్టావా?"

"కాగితం సంగతి కాగితానిది. కుట్టు సంగతి కుట్టుది" అన్నాడు నాన్న.

నేను ఏడవలేదు. ఏడిస్తే అత్త దగ్గరికి తీసుకుంటుందని తెలుసు, ఆ ఓదార్పు తీసుకునే అర్హత నాకు లేదనిపించింది.

నాన్న మాత్రం అప్పటికే ఇంకో లోకంలోకి వెళ్ళిపోయాడు. పుస్తకాన్ని దీపం కిందికి జరిపి, బ్లేడు తీశాడు.

"ఇవాళ శుక్రవారం కదా? బోలెడు టైముంది. నీ వదులు నీకు తెచ్చిపెడతానుండు. నీ పాత కన్నాలు అలాగే ఉంటాయి లోపల, వాటిల్లోంచే కుడతా. నా కన్నాలకి కాస్త జిగురద్ది నొక్కేస్తే ఎవరికీ కనబడవు."

"నాన్నా..."

"నువ్వు ముట్టుకోకు. దూరంగా ఉండు. రేపెప్పుడైనా బయటపడితే నీకేం తెలియదు, అంతా నేనే చేశానని చెప్పు. నాదేం పోతుంది?"

దారం తెగిన చప్పుడు చాలా చిన్నగా వినిపించింది. పన్నెండు మడతలూ విడిపోయి బల్ల మీద పరుచుకున్నాయి. నాన్న సూదికి దారం ఎక్కించాడు. దారానికి మైనం పెట్టలేదు, నేను చేసిన తప్పే చేయాలని. మొదటిది కుట్టాడు, రెండోది కుట్టాడు, మూడోది కుట్టి బొటనవేలితో నొక్కి చూశాడు. బిగుతుగా ఉంది. విప్పాడు. మళ్ళీ కుట్టాడు, ఈసారి దారాన్ని కావాలని వదిలి. చివర్లో చెయ్యి దానంతటదే చిన్నగా లాగేసింది, మూడో మడత టక్కున కుదురుకుంది.

"ఛ!" అన్నాడు.

"ముప్ఫై ఏళ్ళు బిగించిన చెయ్యిరా అది, ఇవాళ వదలమంటే వదులుతుందా?" అంది అత్త. నవ్వుదామని అంది కానీ నవ్వలేకపోయింది.

మూడోసారీ అంతే అయింది. నాన్న నుదుటి మీద చెమట పట్టింది. సూదిని కుడిచేతిలోకి మార్చుకున్నాడు.

"గొలుసు కూడా కుడికి వాలాలి కదా" అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు.

మా నాన్న కుడిచేత్తో కుట్టడం నేనెప్పుడూ చూడలేదు. సూది కన్నంలోకి దూరలేదు. పక్కన గుచ్చుకుంది. వేలికి గుచ్చుకుంది. నోట్లో పెట్టుకుని చీకి, మళ్ళీ మొదలుపెట్టాడు. మొదటిరోజు పనిలో చేరిన పిల్లాడు కూడా అంత అవస్థ పడడు. దూరపు ఊళ్ళ నుంచి లైబ్రరీలవాళ్ళు వెతుక్కుంటూ వచ్చే చెయ్యి అది. అలాంటి మనిషి దీపం కింద వంగి, నా కోసం, పని చెడగొట్టడం నేర్చుకుంటున్నాడు. వరండాలో గోనెపట్టా పక్కకి జరుపుకున్నట్టే, ఇప్పుడు తన చేతిని కూడా పక్కన పెట్టేసుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాట ఊరికే అంటూంటాం కానీ, నిజంగా అలా ఉంటుందని ఆ మధ్యాహ్నమే తెలిసింది.

"ఆపు నాన్నా."

"ఉండవే, వస్తోంది."

"ఆపు! నాకు తెలుసు!"

నాన్న తలెత్తాడు.

"పంపేరోజే తెలుసు. వేలు పెట్టి చూశాను. మూడోది కదల్లేదు. నువ్వే ఏదో చేశావని తెలిసే సంతకం పెట్టాను. ఇందాక నిన్ను తిట్టానే, అదంతా నన్ను తిట్టుకోలేక. ఇంకోటి, ఆ సలహాదారు ముక్క నువ్వనుకున్నందుకు రాయలేదు. నువ్వు బైండరువని చెప్పడానికి సిగ్గేసి రాశాను."

నాన్న సూదిని పిన్నుల దిండుకి గుచ్చాడు.

"అది కూడా తెలుసులేవే" అన్నాడు.

ఇక అక్కడ నిలబడలేకపోయాను. గోడ పక్కన షాపు ఫోను ఉంది. ఉత్తరం అడుగున నంబరు ఉంది. నేను అంకెలు నొక్కడం చూసి అత్త పరిగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తున్నావే? నీకేమైనా పిచ్చా? ఐదింట రెండు అంది కదే మీ మేడమ్!"

"వద్దు తల్లీ" అన్నాడు నాన్న. "సీటు పోతుంది. నా మాట విను."

అవతల ఫోను మోగుతోంది. పోతుందని నాకూ తెలుసు. ఎనిమిది సీట్లకి ఇరవై మంది. ఒకరు తగ్గితే మిగతా పంతొమ్మిది మందీ సంతోషిస్తారు. నోటీసు బోర్డు మీద ఫొటో సోమవారం మేడమే పీకేస్తుంది, తన సంతకం కూడా నా మూలంగానే అబద్ధమైందని తెలిశాక. ఫోను పెట్టేద్దామా అనుకునేలోపే ఎవరో పెద్దావిడ గొంతు పలికింది. నేను పేరు చెప్పాను.

"ఓ, మూడో మడత అమ్మాయివా!" అంది ఆవిడ, నవ్వుతూ. "చెప్పమ్మా. దొరికిందా వదులు?"

ఆ నవ్వు ఆగేలోపే చెప్పేశాను.

"అండీ, దరఖాస్తులో రెండు తప్పులు రాశాను. మొదటిది, మా నాన్న వృత్తి. ఆయన సలహాదారు కాదండీ. బైండరు. రెండోది, మీ దగ్గరికొచ్చిన కుట్టు నాది కాదు, ఆయనది. నాకు తెలియకుండా కుట్టారు. కానీ పంపేటప్పటికి నాకు తెలుసు. తెలిసే సంతకం చేశాను. మా మేడమ్‌కి ఇదేం తెలియదండీ, ఆవిడ తప్పు లేదు."

అవతల నవ్వు ఆగిపోయింది. కుర్చీ జరిగిన చప్పుడు. తలుపు మూసిన చప్పుడు. నేను రిసీవరు రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఇప్పుడెక్కడుంది ఆ పుస్తకం?"

"మా షాపులోనండీ. విప్పేశాం. మీరు చూసేలోపు... మళ్ళీ వదులుగా కుట్టేద్దామని."

ఆవిడ ఊపిరి గట్టిగా వదలడం వినబడింది.

"ఎవరూ దాన్ని ముట్టుకోకండి" అంది. ఇప్పుడా గొంతులో ముచ్చట లేదు, కోపమూ లేదు. "నేనడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పు. మీ నాన్నగారిది ఎడమచేతి వాటమా?"

"అవునండీ."

"ఎన్నేళ్ళుగా కుడుతున్నారు?"

"ముప్ఫై ఏళ్ళ పైనేనండీ."

"పక్కనే ఉన్నారా? ఆయనకివ్వు ఫోను."

నేను రిసీవరు చాచాను. నాన్న ఒకడుగు వెనక్కి వేశాడు. నేనెందుకని కళ్ళతోనే అడిగాడు. అత్త ఆయన వీపు మీద చెయ్యి వేసి ముందుకి నెట్టింది. నాన్న ఎడమచేతిని చొక్కాకి ఒకసారి, గుడ్డకి ఒకసారి తుడుచుకుని రిసీవరు అందుకున్నాడు. ఎవరు మాట్లాడుతున్నారని ఆవిడ అడిగినట్టుంది. నాన్న నా వైపు చూశాడు.

"బైండర్నండీ" అన్నాడు.